తట్టు అడిగితే పళ్ళెం తెచ్చిన వీధి

కోవిల్‌పట్టి వెళ్ళొచ్చానని చెబితే గుంటూరులో మావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ ఏ దేవుడు?" అని. ఊరి పేరులోనే గుడి ఉంది కాబట్టి తప్పు వాళ్ళది కాదు. నేను వెళ్ళింది దేవుడి కోసం కాదు, తట్టు జబ్బు కోసం అంటే మాత్రం నన్నూ, నా చంకలో పాపనూ మార్చి మార్చి చూసి, "ఎనిమిది నెలల పిల్లను వేసుకునా?" అంటారు. వెళ్ళేముందు ఆ ప్రశ్నకు నా దగ్గర మూడు జవాబులుండేవి. తిరిగొచ్చాక ఒక్కటీ లేదు. అందుకే పాప పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

నన్ను రమ్మన్నది డాక్టర్ కల్యాణి. ఆవిడ అంటువ్యాధుల పరిశోధకురాలు. ఒక జబ్బు ఎక్కడ మొదలైంది, ఎవరి నుంచి ఎవరికి, ఎన్ని రోజుల్లో పాకింది అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళడం ఆవిడ వృత్తి. పోలీసు పనిలాంటిదే. కాకపోతే ఇక్కడ దొంగ కంటికి కనబడడు, సాక్షులందరూ ఎదురుగా కూర్చుని కాఫీ ఇచ్చి మరీ అబద్ధం చెబుతారు. విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ వీధుల నుంచి ఆవిడ తమిళ సిబ్బంది ఖాళీ ఫారాలతో తిరిగొస్తున్నారట. తెలుగూ లెక్కలూ రెండూ వచ్చిన మనిషి కావాలంది. నేను సంఖ్యాశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. ఆ తర్వాత పెళ్ళి చేసుకున్నాను, ఆ తర్వాత ఉగ్గుగిన్నెలు మరిగిస్తున్నాను.

తట్టు టీకా తొమ్మిదో నెలలో వేస్తారు. మా లహరికి ఎనిమిది. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆంధ్రదేశంలో ఉండరు. పాపను వదిలి రమ్మంది డాక్టరమ్మ ఫోనులో. "పాలు ఎవరిస్తారు, మా ఆయనా?" అన్నాను. చివరికి ఒప్పందం ఏమిటంటే, పాప గదిలోనే ఉంటుంది, జబ్బున్న ఊళ్ళకు రాదు, నేను తిరిగొచ్చి స్నానం చేశాకే తాకుతాను. ఆ జబ్బు బట్టల మీద రాదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. బట్టలకు ఆ సంగతి తెలుసో లేదో అని నేను రెండు చీరలు ఎక్కువ పెట్టుకున్నాను.

విరుదునగర్: ఈత వచ్చిన పరోటా

శనివారం బయల్దేరి సోమవారానికి విరుదునగర్ చేరాం. మధ్యలో మద్రాసు, మూడు పాలసీసాలు, కిటికీ పక్క సీటు కోసం ఒక పోట్లాట. అవన్నీ మీకూ తెలిసినవే.

విరుదునగర్ మిరపకాయల ఊరు, నూనెల ఊరు. బజారులో అడుగు పెట్టగానే లహరి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. నేను వెంటనే పాప నుదురు తడిమాను. పక్కన బస్తాల దగ్గర కూర్చున్న వ్యాపారి నా మొహం చూసి, నాకొచ్చిన కాస్త తమిళానికి అందేలా మెల్లగా, "మిరపకాయ తల్లీ, జలుబు కాదు. మా ఊరికి కలెక్టరొచ్చినా తుమ్మి తీరాలి," అన్నాడు.

పరోటాను ఇక్కడ కాల్చరు, నూనెలో ఈదిస్తారు. కరకరలాడుతూ బయటికొచ్చిన దాన్ని చేత్తో నలిపి, పైన కుర్మా పోస్తారు. మనిషికి రెండు చాలు. డాక్టర్ కల్యాణి ఐదు తిన్నది. నేను ఆవిడను చూడడం అదే మొదలు. నలిగిన నూలు చీర, భుజానికి సంచి, సంచిలో చిన్న టార్చి. పిల్లవాడు కనబడితే చాలు, ఆవిడ చెయ్యి టార్చి మీదికి పోతుంది. లహరి వైపు కూడా పోయింది. నేను పాపను ఇటు తిప్పుకున్నాను.

"భయపడకండి. మీ పాపతో నాకు పనేముంది," అని నవ్వింది.

కోవిల్‌పట్టి: ముందు గది

మాకు గది దొరికింది లాడ్జిలో కాదు, గురువమ్మ ఇంట్లో. అగ్గిపెట్టెల వీధి అది. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు కూర్చుని అగ్గిపెట్టెల డబ్బీలు మడతపెడుతూనో, జిగురు రాస్తూనో ఉంటారు. ఇల్లు మూడు గదులు. ముందు గదికి వీధిలోకి వేరే తలుపు. అది మాది. వెనక రెండింట్లో గురువమ్మ, ఆమె కోడలు లచ్చుమి, లచ్చుమి కూతురు పొన్ని. పొన్నికి పది నెలలు. లచ్చుమి భర్త ఎక్కడో లారీ మీద ఉంటాడు. లచ్చుమి పొద్దున్నే వ్యాను ఎక్కి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయి సాయంత్రం ఆరింటికి వస్తుంది. పగలంతా పొన్ని గురువమ్మ ఒళ్ళో. ఇక నుంచి రెండో తొడ మీద లహరి.

గురువమ్మ ఇంటి భాష తెలుగు. నేను సంబరపడిపోయి ఐదు నిమిషాలు ఏకబిగిన మాట్లాడాను. ఆవిడ నోరు తెరుచుకుని విని, చివరికి కోడలితో అంది:

"అంతా మన మాట మాదిరే ఉండాదే. ఒగటీ అర్తం కాలే. రేడియోలో వార్తలు చదివినట్ల ఉండాది."

"మీదే కొంచెం పాత తెలుగులా ఉందండీ," అన్నాను, చదువుకున్నదాన్ని కదా.

"అయ్యో తాయీ, పాతదే. మా అవ్వకు అవ్వ చెప్పిచ్చింది. మీ ఊర్లో యప్పుడు మార్చినారు? మాకు ఒగ కాగితం రాసి ఉండకూడదా?"

నా స్నానాలే ఆ ఇంట్లో పెద్ద రభస. కోవిల్‌పట్టిలో నీళ్ళంటే మన దగ్గర నెయ్యి లెక్క. బిందెలు వరసలో పెట్టి, రెండు రోజులకోసారి వచ్చే ట్యాంకరు కోసం కాచుకుంటారు. నేను బయటికి పోయి వచ్చినప్పుడల్లా రెండు బకెట్లు గుమ్మరించుకోవడం చూసి గురువమ్మ వీధికంతా వినబడేలా అంది: "ఆంద్రాలో కృష్ణ ఉండాది కద, ఆడ నుంచి ఒగ పైపు వేసుకోని రమ్మని ఉండాల్సింది ఈమెను."

అదే వీధి: తట్టు

సర్వే మొదలుపెట్టింది ఆ వీధితోనే. నా బిడ్డ ఉండే వీధి ముందు శుభ్రంగా ఉందో లేదో తెలుసుకోవాలని నా ఆత్రం. గురువమ్మ తోడొచ్చింది. ఫారాన్ని తెలుగు చేసింది నేనే. చక్కగా చేశాననే అనుకున్నాను.

"మీ ఇంట్లో పిల్లలకు తట్టు వచ్చిందా?" అని అడిగాను మొదటింట్లో.

"తట్టా? ఉండాదే," అని ఆమె లోపలికి పోయింది.  మొదటి ఇల్లే! ఫారంలో టిక్కు పెట్టేలోగా ఆమె తిరిగొచ్చి నా చేతిలో ఒక స్టీలు పళ్ళెం పెట్టింది. "పిల్లలకని వేరే తట్టు లే తాయీ. అందరూ ఇందులోనే తినేది."

తమిళంలో తట్టు అంటే పళ్ళెమట.

రెండో ఇంట్లో తెలివిగా, "పొంగు వచ్చిందా?" అని అడిగాను. మా గుంటూరు వైపు దీన్ని పొంగు అని కూడా అంటారు. "పొంగలా? అది తై నెలలో అయిపాయె కద. మళ్ళ వచ్చే ఏడే," అన్నది ఆ ఇంటి ముసలమ్మ, సంక్రాంతి దాటిపోయాక వచ్చానని జాలిగా.

మూడో ఇంటికి మేం చేరేసరికి కబురు ముందే చేరింది. పళ్ళెం సిద్ధంగా ఉంది, అందులో అన్నం, పైన కారక్కుళంబు. ఆంధ్రా నుంచి ఎవరో చదువుకున్న అమ్మాయి ఆకలితో ఇల్లిల్లూ పళ్ళెం అడుక్కుంటోందని వీధంతా అనుకుంది. గురువమ్మ గోడకు ఆనుకుని నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను తిన్నాను. ఏం చేయను? పులుసు బ్రహ్మాండంగా ఉంది.

తర్వాత ఆవిడే నేర్పింది. "అమ్మ వచ్చిందా అని అడుగు. దానికి అదే పేరు."

అలాగే అడిగాను. అడగ్గానే జవాబు వచ్చేసింది, అన్ని ఇళ్ళలోనూ ఒకటే: "లే." "మా ఇంట్లో ఎవురికీ ఏమీ లే." కొందరు నన్ను చూసి చెప్పారు, కొందరు నా వెనకున్న గురువమ్మను చూసి చెప్పారు. ఫారాలన్నింటిలో సున్నాలు పెట్టాను. ఇంత ఆనందంగా సున్నాలు పెట్టడం నా చదువు మొత్తంలో అదే మొదటిసారి.

సాత్తూరు దాటాక: నర్సు ముక్కు

బుధవారం సాత్తూరు దాటి నల్లరేగడి ఊళ్ళలోకి వెళ్ళాం. సాత్తూరులో ఆగి కారపు సేవ్ కొనుక్కోవాలి. కొనకపోతే జీపు డ్రైవరు బండి తీయడు. ఊళ్ళో మాకు తోడు గ్రామ నర్సు సెల్వి. గట్టిగా నూనె రాసిన జడ, జడలో కనకాంబరాలు, చేతిలో టీకా మందు మోసే ఐసు పెట్టె.

ఊరి పెద్ద తెలుగు రైతు. మంచాల మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "మా ఊర్లో అమ్మా? లేదే. ఈ ఏడు ఆమె మమ్మల్ని మరిచినట్ల ఉండాది," అన్నాడు. నేను ఫారం తీశాను.

సెల్వి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "ఫారం లోపల పెట్టండి. టైమెంత?"

"పదకొండు."

"సరిగ్గా వంట టైము. ముక్కు తెరవండి."

సందులో నిలబడ్డాం. చుయ్‌మని ఒక ఇంట్లో ఆవాలు పేలాయి. పక్కింట్లో ఎండుమిరపకాయల ఘాటు లేచింది. ఆ పక్కింట్లో ఇంగువ. సెల్వి వేలితో చూపిస్తూ పోతోంది, పెళ్ళిలో చుట్టాలను లెక్కపెట్టినట్టు. ఒక గుమ్మం దగ్గర ఆగింది. పొయ్యి మీద నుంచి పొగ వస్తోంది గాని వాసన లేదు. "ఇక్కడ తాళింపు పడలేదు. అమ్మ ఉన్న ఇంట్లో నూనె కాచరు. ఇదొకటి." అలా ఆ ఊళ్ళో నాలుగిళ్ళు. నాలుగింట్లోనూ మూల గదిలో వేపాకు మీద పడుకుని ఎర్రగా పేలిన పిల్లలు.

ఇది మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉన్న ఆచారమే. అమ్మవారు పోస్తే తాళింపు వేయరు, గడప దాటరు. ఎమ్మెస్సీలో ఎవరూ అడగలేదు కాబట్టి మరచిపోయాను.

డాక్టర్ కల్యాణి ఒక్కో ఇంట్లో కూర్చుని అడిగేది ఒకటే ప్రశ్న. జ్వరం మొదలైన రోజు నుంచి వెనక్కి పది, పన్నెండు రోజులు లెక్కపెడితే ఆ రోజు ఎక్కడున్నారు, ఎవరు వచ్చారు? ముందు అందరూ "ఎక్కడికీ పోలేదు" అంటారు. కాసేపటికి ఒక పెళ్ళి బయటికొస్తుంది, ఒక తిరునాళ్ళు, ఒక చావు. ఆవిడ కాగితం మీద ఇంటి నుంచి ఇంటికి గీత గీస్తుంది. "ఎవరి తప్పూ కాదు. గీత ఎటు నుంచి వచ్చిందో తెలిస్తే చాలు," అంటుంది. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. ఇంకొకరి ఇంటి మీద గీత పడుతున్నంతసేపూ.

గురువారం: పళ్ళు

గురువారం పొద్దున లహరి ఒళ్ళు వెచ్చగా ఉంది. ముక్కు కారుతోంది. కాస్త దగ్గు.

జీపు వచ్చి ఆగింది. డాక్టరమ్మ తల బయటికి పెట్టి, "పాప బాగుందా?" అంది.

"బాగుందండీ. పళ్ళొస్తున్నాయి," అన్నాను.

ఎందుకు అలా అన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. పని పోతుందని కాదు. మా ఆయన ముందే వద్దన్నాడని కూడా కాదు. పైకి చెబితే అది నిజమైపోతుందని. నోరు మూసుకుంటే సాయంత్రానికి తగ్గిపోతుందని. అప్పటికి రెండు రోజులుగా ఇంటింటా నేను నవ్వుకుంటున్నది సరిగ్గా దీనికే.

వ్యాను ఎక్కబోతూ లచ్చుమి కూడా పాప మొహం చూసి ఆగింది. "ఏమక్కా, బిడ్డ కండ్లు ఒగ మాదిరిగా ఉండాయి?"

"పళ్ళు," అన్నాను మళ్ళీ. రెండోసారికి అబద్ధం చాలా సులభంగా వచ్చింది.

జ్వరం చుక్కలు వేసి, లహరిని తీసుకెళ్ళి గురువమ్మ ఒళ్ళో పెట్టాను. పక్క తొడ మీద పొన్ని. పొన్ని చేతిలో నుంచి జొన్నరొట్టె ముక్క లహరి నోట్లోకి, లహరి నోట్లోంచి మళ్ళీ పొన్ని నోట్లోకి.

శుక్రవారం: వేళ్ళ మీద లెక్క

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఫారాల కోసం గదికి వచ్చింది. లహరి కళ్ళు అప్పటికి ఎర్రబడ్డాయి. ఆవిడ నన్నేమీ అడగలేదు. టార్చి తీసింది. పాప బుగ్గ పక్కకు లాగి లోపల చూపించింది. ఎర్రటి బుగ్గ మీద తెల్లగా, బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలు.

"రేపు చెవుల వెనక మొదలవుతుంది," అంది.

నేను ఏడ్చాను. ఏడుస్తూనే నేరం ఎవరి మీద వేయాలో కూడా వెతుక్కున్నాను. "నేను చెప్పాను కదండీ, బట్టల మీద వస్తుందని! ఆ నల్లరేగడి ఊరి నుంచే..."

"జ్వరం ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దున."

"మీరా ఊరికి పోయింది మొన్న. ఒక్క రోజులో రాదు. లెక్కపెట్టండి."

సంఖ్యాశాస్త్రం చదివిన మనిషిని వేళ్ళ మీద లెక్కపెట్టమంది. పెట్టాను. కోవిల్‌పట్టి దాటిపోయింది. విరుదునగర్ దాటిపోయింది. రైలు దాటిపోయింది. పదకొండో వేలు, అంటే రెండో చుట్టులో మొదటి వేలు, గుంటూరులో మా ఆడపడుచు ఇంట్లో ఆగింది. ఆదివారం. వాళ్ళ చిన్నదానికి చెవులు కుట్టించిన రోజు. పెద్దవాడికి ఒళ్ళంతా పేలి ఉంటే, "వేడి చేసింది వదినా, ఎండలు కదా," అంది. లహరిని వాడే రోజంతా ఎత్తుకు తిరిగాడు.

ఈ ఊరి జబ్బు నా బిడ్డకు అంటుతుందని రోజుకు ఆరు బకెట్లు గుమ్మరించుకున్నాను. నా బిడ్డే జబ్బును రైలెక్కించి ఈ ఊరికి తెచ్చింది.

డాక్టరమ్మ అప్పటికే వేరే లెక్కలో ఉంది. "దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది. అంటే మంగళవారం నుంచి. ఆ పాపకు టీకా వేశారా?"

పొన్ని కార్డు తెప్పించి చూశాం. తొమ్మిదో నెల గడి ఖాళీ. టీకా రోజున లచ్చుమి వ్యాను ఎక్కిందట.

"తగిలిన మూడు రోజుల్లో టీకా వేస్తే ఆపవచ్చు. ఇవాళ సాయంత్రం లోపు. సెల్విని పిలుస్తాను. వాళ్ళకు మీరు చెప్పండి," అంది. "తెలుగులో."

వెనక వాకిలి

గురువమ్మ డబ్బీలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. జ్వరం సంగతి, పళ్ళు కావన్న సంగతి, మేమే తెచ్చిన సంగతి.

"జరం సంగతి నిన్ననే తెలుసు," అంది ఆవిడ చెయ్యి ఆపకుండా. "బిడ్డ ఒల్లు నా ఒడిలో కాల్తా ఉండె. నీవు చెప్పుతావా లేదా అని చూస్తా ఉంటి." తర్వాత చెయ్యి ఆపి, కళ్ళు పెద్దవి చేసింది. "అయితే అమ్మ ఆంద్రా నుంచి వచ్చినాదా? టిక్కెట్టు లేకుండానే?" చేతులు జోడించింది. నాకు కాదు, లహరికి.

ఊసి అనేసరికి మాత్రం అడ్డం తిరిగింది. ఊసి అంటే వాళ్ళ మాటలో సూది. "అమ్మ ఇంట్లో దిగినాక ఇనుము గుచ్చేదా? ఆమె చూస్తా ఉండంగా? కాదు."

సెల్వి ఐసు పెట్టెతో వచ్చి గడప బయట నిలబడింది. బతిమాలింది, కసిరింది. గురువమ్మ కదలలేదు. ఐసు కరుగుతోంది. డాక్టరమ్మ గడియారం చూస్తోంది. ఆరింటికి వీధి చివర వ్యాను హారను కొట్టింది.

లచ్చుమి చెప్పుల్లో కాళ్ళుండగానే అంతా విన్నది. వేళ్ళకు ఇంకా అగ్గిపుల్లల మందు రంగు ఉంది.

"యప్పుడు వచ్చె కాచ్చలు?" అంది నాతో. కాచ్చలంటే జ్వరమే.

"నిన్న పొద్దున."

"నిన్న పొద్దున నీవు నాతో ఏమి చెప్పితివి?"

"పళ్ళు."

"పళ్ళు," అంది. "నిన్న చెప్పింటే నా బిడ్డను నిన్ననే మా అమ్మ ఇంటికి తోలింటి కద."

 ఆమె నా జవాబు కోసం ఆగలేదు. అత్త వైపు తిరిగింది.

"అత్తా, అమ్మ ఎవురింట్లో ఉండాది?"

"మన ఇంట్లో."

"ముందు గది బాడిగకు ఇచ్చినామా లేదా?"

"ఇచ్చినాము."

"బాడిగకు ఇచ్చినాక అది వాళ్ళ ఇల్లు. వాకిలి వేరే. పొయ్యి వేరే. అమ్మ వచ్చినాది వాళ్ళింటికి. మనింటికి రాలే."

గురువమ్మ ఆలోచించింది. చెంబు పాలు కాచడానికి నేను తెచ్చుకున్న కిరసనాయిలు స్టవ్ వైపు చూసింది. మా గదికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఉన్న తలుపు వైపు చూసింది. హైకోర్టు జడ్జీలు కూడా ఇంత సేపు తీసుకోరు.

"పొయ్యి వేరే అనేది నిజమే," అంది చివరికి. లేచి మధ్య తలుపు మూసి గడియ పెట్టింది. "అయినా ఈడ కాదు. వెనక వాకిట్లో నుంచి పోండి. పక్కింటి అరుగు మింద గుచ్చుకోండి. ఆమెకు కనపడకూడదు."

పక్కింటి అరుగు మీద పొన్ని పెట్టిన కేక ముందు గదిలోకి వినబడింది. అమ్మకు వినబడిందో లేదో నాకు తెలియదు. లహరి మాత్రం ఉలిక్కిపడింది.

మూడు నీళ్ళు

ఆ తర్వాత పది రోజులు యాత్ర లేదు, ఆ గదే. దద్దుర్లు చెప్పినట్టే చెవుల వెనక మొదలై మొహం మీదికి, పొట్ట మీదికి దిగాయి. డాక్టరమ్మ విటమిన్ చుక్కలు వేసి, నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టమంది. నేను గడియారం పెట్టుకుని పాప ఛాతీనే చూస్తూ కూర్చున్నాను. గురువమ్మ వీధి తలుపు తీసుకుని వచ్చి పక్కలో వేపాకు పరిచింది, లేత కొబ్బరి నీళ్ళు తాగించింది, నాకు తాళింపు లేని పప్పు పంపింది. చీకటి పడ్డాక నేనూ వేపాకు మీదే పడుకున్నాను. సంఖ్యాశాస్త్రం ఆ పది రోజులూ ఏమీ అనలేదు.

మా ఆయనకు ఫోను చేసి చెప్పాను. "నేను ముందే చెప్పాను" అని ఆయన అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఒక సంగతి గమనించాను. గురువమ్మ వేపకొమ్మను తలుపుకు బయట కట్టలేదు, లోపలి వైపు కట్టింది. బయట కదా కట్టాలి, నలుగురికీ తెలియాలి కదా అన్నాను.

"బయట కడితే వ్యాను ఈ తెరువులో నిలవదు. అమ్మ ఉండే తెరువు నుంచి ఫ్యాక్టరీకి ఎవురినీ ఎక్కించుకోరు. పదైదు దినాలు అందరికీ పని పోతుంది."

  నేను వీధిలోని మిగతా తలుపుల వైపు కాసేపు చూశాను.

దద్దుర్లు నల్లబడి, వేపాకూ పసుపూ వేసిన నీళ్ళు మూడుసార్లు పోసి, పాప మళ్ళీ నా ముక్కు పట్టుకుని లాగడం మొదలుపెట్టాక బయల్దేరాం. గురువమ్మ కడలై మిఠాయి పొట్లం ఇచ్చింది. ఆ ఊరి వేరుశనగ చిక్కీ తిన్నాక ఇంకే ఊరిదీ నోటికి పట్టదు. లచ్చుమి వ్యాను ఎక్కి పోయింది. ఆ పది రోజుల్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పొన్నికి వస్తుందా రాదా తెలియడానికి ఇంకా వారం ఆగాలి.

గుంటూరు: ఫోను

ఇంటికి రాగానే ఆడపడుచును అడిగాను. "మా ఇంట్లో ఎవరికీ ఏం లేదు వదినా. వేడి చేసింది, అంతే," అంది. ఆ ఫారం ఖాళీగానే ఉంది.

తర్వాతి ఆదివారం, ఫ్యాక్టరీ లేని రోజు, మాట్లాడుకున్న ప్రకారం పదకొండు గంటలకు మా వీధి చివర ఫోను బూత్ నుంచి ఆ వీధి అంగడికి ఫోను చేశాను. గురువమ్మ వస్తుందనుకున్నాను. వచ్చింది లచ్చుమి.

"పొన్ని ఎలా ఉంది?" అన్నాను.

అవతల ఎవరో పప్పు తూకం వేస్తున్న చప్పుడు.

"ఒగ దినం కాచ్చలు వచ్చె. ఊసి కాచ్చలని నర్సక్క చెప్పె. అంతే. అమ్మ రాలే. నిలబడతా ఉండాది, గోడ పట్టుకోని."

నేనూ బూత్ గోడ పట్టుకున్నాను. "లచ్చుమీ, ఆ రోజు నేను..."

"అది ఇడువు. పెన్ను ఉండాదా?"

"పెన్నెందుకు?"

"మా తెరువంతా లే, లే అని రాసుకోని పోతివి కద. అది కొట్టెయ్. ఇప్పుడు నేను చెప్పేది రాసుకో. అత్త నీ వెనక నిలబడి వద్దని కంటితో సైగ చేసింది ఆ పొద్దు. ఎదురింటి ముత్తుకు అమ్మ వచ్చె, మాసి నెలలో. వాని చెల్లెలికి, వానికి తగ్గిన ఎనిమిది దినాలకు."

వెనక నుంచి గురువమ్మ గొంతు: "ఎనిమిది కాదే, పది! పున్నమి ముందు దినం!"

"సరి అత్తా, పది. మూలింటి కవలపిల్లలకు ఇద్దరికీ ఒగే పొద్దు. నీకు తట్టులో అన్నం పెట్టినాదే, ఆమె మనవనికి. ఆ పొద్దు వాడు లోపల గదిలోనే పడుకోని ఉండె."

నా దగ్గర కాగితం లేదు. పాప మందుల చీటీ వెనక్కి తిప్పి గాజు పలకకు ఆనించి రాస్తున్నాను. బూత్ అతను తలుపు తట్టాడు. నేను అటు తిరగలేదు.

"అక్కా, రాస్తా ఉండావా?"

"రాస్తున్నాను," అన్నాను. "మెల్లగా చెప్పు."